తేలు తోక దగ్గర నల్లమబ్బు

రాయగడ,
20-3-1958

జయపురం ఫొటో స్టూడియో యజమాని జగ్గారావు గారికి, హైస్కూలు సైన్సు మాస్టరు విజయరత్నం వందనములు.

ఇక్కడ క్షేమం అని రాస్తే అబద్ధమవుతుంది. తమరు క్షేమమని తలుస్తాను.

ఈ ఉత్తరంతోపాటు బస్సులో ఒక గాజు నెగెటివు ప్లేటు పంపుతున్నాను. వృశ్చికరాశిలో, తేలు తోక దగ్గర పాలపుంతను నా కెమెరాతో తీశాను. ప్లేటు నేనే కడిగాను గాని పెద్ద ప్రింటు వేసే సాధనం నా దగ్గర లేదు. ప్రింటులో చుక్కల మధ్య ఒక నల్లమచ్చ వస్తుంది చూడండి. నా దగ్గరున్న ఏ నక్షత్ర పటంలోనూ అది లేదు. వెనకున్న చుక్కలను దాచేసే ధూళి మేఘాలు ఆకాశంలో నిజంగానే ఉంటాయి, వాటిని నెబ్యులాలంటారు. ఇది ఎవరూ చూడనిదైతే దక్షిణాదిన కొండమీది నక్షత్రశాల వారికి పంపాలి. నాకు ఇది చాలా ముఖ్యమైన సంగతి.

ఇట్లు,
మీ మంచి కోరే
విజయరత్నం

తా.క.: పని శ్రద్ధగా చేయండి. ఫొటోల్లో మచ్చలు మాపే మీ టచింగు గురించి జిల్లా అంతా చెప్పుకుంటారు.


జయపురం,
27-3-1958

పూజ్యులైన మాస్టారు గారికి, జగ్గారావు చేతులు జోడించి వ్రాసుకున్నది.

ప్లేటు అందింది. చూడగానే గుండె జారిపోయింది. ఇంత పాడైన ప్లేటు నా చేతికి ఎప్పుడూ రాలేదు. ఎక్కడ చూసినా పొక్కులే. మశూచి వచ్చి తగ్గిన పెళ్లికొడుకు ఫొటోకి కూడా నేనింత అవస్థ పడలేదు. అయినా మీరు నా టచింగు మీద నమ్మకం పెట్టి పంపారు గనుక కత్తి మొనతో ఒక్కొక్క చుక్కా గీకి తీసేశాను. మధ్యలో ఒక్క చోట మాత్రం ఏ మరకా లేకుండా చక్కగా ఉంది. మిగతాదంతా దానికి సరిపోయేటట్టు చేశాను. ఇప్పుడు ప్రింటు ఈ మూలనుంచి ఆ మూలకి నిగనిగలాడుతోంది.

మా అమ్మ గురమ్మ చూసి, "ఏటిరా జగ్గూ, అమాస సీకటికి ఫొటో తీయించుకున్నోడెవుడురా?" అంది. ఆవిడకి మన పని తెలియదు, మీరు మనసులో పెట్టుకోకండి.

ఎల్లప్పుడూ మీ పనిలో ఉండే
జగ్గారావు

తా.క.: నలుపు చాలలేదంటే ఇంకొంచెం పెంచగలను.


రాయగడ,
2-4-1958

జగ్గారావు గారికి విజయరత్నం రాయునది.

మీరు గీకేసినవి నక్షత్రాలు. నాకు కావలసిన మచ్చ ఒక్కటే మీకు నచ్చింది. దాని చుట్టూ ఉన్న సృష్టినంతా తీసి పారేశారు.

ఎందుకింత బాధపడుతున్నానో చెబుతాను. నా భార్య పుష్పకుమారి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. ఈ జనవరిలో జ్వరం వచ్చి కన్నుమూసింది. సమాధి మీద ఆమె పేరు సున్నంతో రాయించాను, ఒక్క వాన పడితే కరిగిపోతుంది. ఈ మేఘం కొత్తదని తేలితే దానికి పేరు పెట్టే హక్కు నాకిస్తారేమో అని ఆశ. ఆకాశంలో పెట్టిన పేరు వానకు పోదు కదా.

రెండో ప్లేటు పంపుతున్నాను. ఒక ప్రింటు నాకు, ఇంకొకటి నేరుగా నక్షత్రశాలకు పంపండి, చిరునామా వెనక రాశాను. ఆ నల్లచోటే నా పుష్పకుమారి అని మనసులో ఉంచుకుని పని చేయండి. మీకింతకంటే ఎలా చెప్పాలో తెలియడం లేదు.

విజయరత్నం

తా.క.: ఈసారి ఒక్క చుక్క తగ్గినా నాకు తెలిసిపోతుంది.


జయపురం,
12-4-1958

దుఃఖంలో ఉన్న మాస్టారు గారికి, జగ్గారావు తలవంచుకుని వ్రాసుకున్నది.

మీ ఉత్తరం చదివి అమ్మా నేనూ కళ్లు తుడుచుకున్నాం. మీరు నోరు తెరిచి అడగలేకపోయినా మీ మనసులో ఉన్నది నాకు అర్థమైంది. పోయినవారిని మబ్బుల నడుమ కూర్చోబెట్టి చూపించడం మా స్టూడియోలో అలవాటైన పనే. మామూలుగా మబ్బులు నేనే గీసుకుంటాను. మీరు ఆకాశాన్ని చుక్కలతో సహా తెచ్చుకుని, పుష్పకుమారి అమ్మగారికి మధ్యలో చోటు కూడా వదిలారు.

ఫొటో పంపమని అడుగుదామంటే, బస్సు కండక్టరు సోములు అడ్డుపడ్డాడు. "మేస్టారి కాడ ఆయమ్మ ఫొటో ఒక్కటీ నేదటండి. ఆకాశాన్ని తీసేరు గానీ ఇంట్లో మనిసిని తియ్యనేదు. అడిగితే మరీ ఏడుత్తారు" అన్నాడు. అందుకని మా దగ్గర ఎవరూ పట్టుకెళ్లకుండా మిగిలిపోయిన ఒక శాంతమైన ముఖం చూసి అందులో అమర్చాను. మీరు క్రైస్తవులు గనుక బొట్టూ ముక్కుపుడకా తీసేశాను. నక్షత్రశాల వారికి కూడా నిన్ననే పంపించాను.

మీ కష్టంలో పాలుపంచుకునే
జగ్గారావు

తా.క.: చుక్కలన్నీ భద్రంగా ఉన్నాయి. రెండు మాత్రం ఆమెకు చెవికమ్మలుగా వాడుకున్నాను.


రాయగడ,
8-5-1958

జగ్గారావు గారికి విజయరత్నం వందనములు.

నక్షత్రశాల వారు జవాబిచ్చారు. మర్యాదస్తులు. మేఘంలో ఉన్న స్త్రీ విషయంలో తామేమీ చెప్పలేమన్నారు. ఆమె చుట్టూ మిగిలిన నలుపు సంగతి తేల్చుకోవడానికి మాత్రం ఒక ఉపాయం రాశారు. కెమెరా కొంచెం పక్కకు జరిపి అవే చుక్కలను మళ్లీ తీయాలట. మచ్చ చుక్కలతోపాటు జరిగితే అది ఆకాశానిది. ప్లేటులో పాతచోటే నిలబడితే అది కెమెరాది.

తీశాను. చుక్కలన్నీ జరిగాయి. మచ్చ జరగలేదు.

అక్కడ మేఘమూ లేదు, ఏమీ లేదు. పుష్పకుమారి పేరు మళ్లీ సున్నానికే వచ్చింది. నిన్న ఇక్కడ ఈ ఏటి మొదటి వాన కూడా పడింది. నాకు వెళ్లి చూడబుద్ధి కాలేదు.

కెమెరానూ, జనవరి తరవాత తీసిన ప్లేట్లన్నిటినీ సోముల బస్సులో వేస్తున్నాను. కెమెరా ఎవరికైనా ఇచ్చేయండి. ప్లేట్ల మీద బొమ్మ పడిన మందుపొర వేడినీళ్లలో ఊడగొట్టి, గాజు మీ ఫొటో ఫ్రేములకు వాడుకోండి. ఇక నాకు ఆకాశంతో పనిలేదు.

విజయరత్నం

తా.క.: ఆ శాంతమైన ముఖం ఎవరిదో గాని, నా బల్లమీద ఆ ప్రింటు చూసి నాకు రెండో సంబంధం కుదిరిందని స్కూలంతా చెప్పుకుంటున్నారు.


జయపురం,
15-5-1958

మాస్టారు గారికి, జగ్గారావు సంతోషంతో వ్రాసుకున్నది.

మీ దొంగ దొరికాడు! ప్లేటు కదలకుండా దాని ముందు బిగించిన పల్చటి గాజు ఉంది చూశారా, దాని లోపలివైపు ఎవరిదో బొటనవేలి ముద్ర. ముద్ర మీద బూజు పట్టి నల్లబడింది. వెలుతురు అక్కడ ఆగిపోయి ప్రతి ప్లేటులోనూ మచ్చ పడింది. సన్నని వేలు, మీది కాదు. వేలికి అడ్డంగా ఒక కోత గీత కూడా ఉంది.

మొండిది, ఒక పట్టాన వదల్లేదు. స్పిరిటులో గుడ్డ ముంచి గట్టిగా రుద్ది రుద్ది తుడిచేశాను. ఇప్పుడు గాజు అద్దంలా ఉంది. కెమెరా ఎవరికీ ఇచ్చేయమనకండి, ఇకమీద మీకు ఏ మచ్చా రాదు. ప్లేట్ల సంగతంటారా, బొగ్గులు రాగానే నీళ్లు కాచి ఊడగొడతాను.

మీ మేలు చూసి మురిసే
జగ్గారావు

తా.క.: "ఎవుర్దిరా ఆ యేలు? మేస్టార్నింత ఏడిపించింది. దొరికితే నాలుగు తగిలించాల" అని అమ్మ ఒకటే తిడుతోంది.


రాయగడ,
17-5-1958

జగ్గారావు గారికి,

క్షేమ సమాచారాలు మళ్లీ రాస్తాను. ఈ చీటీ సోములు మీ చేతికే ఇస్తాడు. వెంటనే చదవండి.

ఆ వేలు పుష్పకుమారిది. ఆసుపత్రిలో సూదిమందు సీసా మెడ విరుస్తుంటే తెగింది. క్రిస్మసు ముందు నేను ఆ గాజు బిగిస్తుంటే చలికి చేతులు వణికాయి. "ఇలాగివ్వండి, నేను పెడతాను. మీరు సుక్కలు సూసుకోండి" అంది. నేను చుక్కలు చూసుకున్నాను.

మిమ్మల్ని తిడదామని కూర్చుని కాగితాలు చించాను. తుడవడం మీ పని. పంపినవాణ్ని నేనే. మీ అమ్మగారికి చెప్పండి, నాలుగు తగిలించడానికి ఆ మనిషి దొరకదు.

ఆఖరున తీసిన ప్లేటొకటి నా దగ్గరే ఉండిపోయింది. ఈ పూట దాన్ని భూతద్దం కింద పెట్టి చూశాను. ఇన్నాళ్లూ మబ్బులో మడతలనుకున్నవి వేలి గీతలు. ఆ కోత కూడా తెలుస్తోంది. ఆమె ఫొటో ఒక్కటీ తీయలేదని ఊరంతా అంటే నిజమేనని తలదించుకున్నాను. జగ్గారావు గారూ, ఆమె పోయాక నేను తీసిన ప్రతి ప్లేటులోనూ ఆమె ఉంది.

ఆ ప్లేట్లు నాకు కావాలి. ఉన్నవి ఉన్నట్టుగా పంపండి.

విజయరత్నం

తా.క.: నీళ్లు పొయ్యి మీద పెట్టి ఉంటే దించేయండి.