హాజరు పుస్తకంలో నర్సమ్మ పేరు

మే 30, శుక్రవారం

ఆదివారం మీటింగంట. మా పార్టీ బ్రాంచికి తలైవరు తవిటయ్య పొద్దున్నే వచ్చి సెప్పి ఎల్లినాడు. "అప్పా, రాష్ట్రంలో మన పార్టీ పెద్దాయన కుర్సీకి ఎసరు పెట్టినారు. మన ఆడోళ్ళు నిండుగా రావాల లాహ్." అక్కని అప్పా అంటాడు, మాటాకర్ని మలాయోళ్ళ లాహ్ తగిలిస్తాడు. పులిహోర నన్నే సెయ్యమన్నాడు. సింతపండు సాలదేమో. వాన పడితే ఇంతమందీ ఎక్కడ కూకుంటారో... పోయినసారి గుండమ్మ జారి పడింది.

పెద్దాయన ఒకసారి నా కాళ్ళకి దణ్ణం పెట్టినాడు. ఎలక్షన్ల ముందు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఈ పార్టీ జెండాలే కట్టినాడు. నాను ఇంకో గుర్తుకి ఓటు ఎయ్యనేదు ఎప్పుడూ.

మే 31, శనివారం

నర్సమ్మ రానని సెప్పేసింది. పక్కిల్లు. నలభై ఏళ్ళుగా ఇద్దరికీ ఒకటే గోడ.

"ఆడి మీటింగుకి నానేల వస్తానే? ఎస్టేటోళ్ళు కట్టిన ఈ లైనిళ్ళు పీకేసి మనల్ని టౌన్లో ఫ్లాట్లకి తోలేస్తాడంట. నా ఆవుల్ని ఏ మేడ మీదకి ఎక్కించాల?"

"మెల్లగా అనవే, తవిటయ్య ఇంటాడు."

"ఇననీ. మైకు తే. మైకులోనే సెప్తాను."

నవ్వినాను. ఈ మాట పైవోళ్ళ సెవిన పడితే? దాని పింఛను ఆపేస్తే? పశువుల పాకకి కాయితం ఏదంటే? అదేమో భయం నేని మనిషి. దాని భయం కూడా నానే పడాల.

జూన్ 1, ఆదివారం

వాన రానేదు. పులిహోర మిగల్నేదు.

హాజరు పుస్తకం నాకే ఇచ్చినారు, ఎప్పట్లాగే. ఎస్టేటు బడిలో మూడోదాకా సదివినది ఈ లైన్లో నానొక్కదాన్నే. ఆడోళ్ళందరి పేర్లూ నానే తెలుగులో రాస్తాను. రానోళ్ళవీ రాసేస్తాను — గుండమ్మకి మోకాళ్ళు, సూరమ్మ కూతురి పురిటికి ఎల్లింది. రాకపోతే మాత్రం, మన మనుషులు కారేటి? ఇన్నేళ్ళూ అలాగే.

నర్సమ్మ కాడ కలం ఆగింది. తవిటయ్య నా ఎనకే నిలబడి సూస్తన్నాడు. పేరు నేకపోతే అడుగుతాడు, ఏల రానేదని. ఎవురో ఒకరు సెప్పేస్తారు.

రాసేసినాను.

జూన్ 2, సోమవారం

కాళ్ళ నొప్పులు. క్లాంగ్‌లో కూతురికి ఫోన్ సేస్తే ఎత్తనేదు. ఫ్యాక్టరీలో ఉండుంటాది. ఉండుంటాదిలే.

జూన్ 5, గురువారం

సుంగై సుమున్ బజారుకి ఎల్లినాను, ఎండు సేపలకి. కొప్పి కొట్టుకాడ మనోళ్ళే. అదే గొడవ.

"పెద్దాయన్ని మార్చాల్సిందే. ఓట్లప్పుడు సెయ్యి వొదలడు, తరవాత ఫోనెత్తడు."

"మారిస్తే? వచ్చేవోడు నీ ఇంటికొచ్చి కొప్పి తాగుతాడేటి?"

లారీ తోలి రిటైరైన ముసలాయన ఒకడు — "ఫ్లాట్ మంచిదే లాహ్. కుళాయి తిప్పితే నీళ్ళు. మీకు రేకుల కిందే సావాలనుందా?"

ఆయనన్నదీ నిజమే. నర్సమ్మ అన్నదీ నిజమే. నన్నడిగితే ఏటి సెప్తానో... ఎవురడిగినారు గనక.

జూన్ 9, సోమవారం

ఇయాలది రాయాల.

నర్సమ్మ ఫోన్ పట్టుకొచ్చింది. కోడలు పంపినాదంట వీడియో. పెద్దాయన మైకు ముందర. ముందు మలాయి, తరవాత అరవం. "ఆ ఎస్టేటు తల్లులే పేర్లు రాసిచ్చినారు, నా ఎనకే ఉన్నామని, ఇళ్ళు ఖాళీ సేసి ఫ్లాట్లకి ఎల్తామని." కాయితం ఎత్తి సూపించినాడు. జనం సప్పట్లు.

తెలుగు అక్షరాలు. నావి. ఎడమకి ఒరిగిపోతాయి, సూడగానే తెలుస్తాది.

"అది తెలుగే గదా? సదువు" అంది నర్సమ్మ. దానికి అక్షరం ముక్క రాదు.

సదివినాను. గుండమ్మ. సూరమ్మ. నా పేరు. ఆగిపోయినాను.

"ఆగినావేటి?"

"నీదీ ఉంది."

"నాను ఎల్లనేదు గదే. ఎవుతి రాసినాది?"

సెప్పినాను.

తిడతాదనుకున్నాను. తిట్టనేదు. ఫోను కొంగుకి తుడిసింది. "కాదన్నదాన్ని ఈ లైన్లో నానొక్కదాన్నే. ఆ ఒక్క మాటా తీసేసినావు." అంతే. ఎల్లిపోయింది.

నిన్ను కాయాలనే రాసినానని అనలేకపోయినాను. అంటే ఇంకా మంటగా ఉంటాది దానికి.

జూన్ 10, మంగళవారం

నర్సమ్మ రోజూ పోసే పాలు ఇయాల పొయ్యనేదు. గోడ అవతల సప్పుడు నేదు. దగ్గు ఇనపడింది ఒకసారి. మనిషి బావుంది.

జూన్ 11, బుధవారం

తవిటయ్య ఇంటికి ఎల్లినాను. ఈడు సిన్నప్పుడు నా సంకలో పెరిగినోడు. ఆళ్ళమ్మ రబ్బరు పాలకి ఎల్తే నాకాడే పడుకునేవోడు.

హాజరు కాయితం సమ్మతి ఎలా అయిందిరా, అన్నాను.

"పుస్తకంలో కాయితం సింపి తీర్మానానికి కుట్టినాము అప్పా. నువ్వూ సెయ్యెత్తినావు గదా."

ఎత్తినాను. మలాయిలో గడగడా సదివినాడు, అందరూ ఎత్తితే ఎత్తినాను. పెద్దాయన ఉండాలని అనుకున్నాను. ఇళ్ళ సంగతి అందులో ఉందని తెలీదు.

"మరి రానోళ్ళ పేర్లు?"

"అయ్యి రాసింది నువ్వు. నోరెత్తితే కేసు నీ మీదకే వస్తాది. నీ మంచికే సెప్తన్నాను." తరవాత గొంతు తగ్గించి — "నా మీద కూడా పైనుంచి ఒత్తిడి అప్పా. నీకేటి తెలుసు."

ఆడి మొకం కూడా పీక్కుపోయి ఉంది. కొప్పి ఇచ్చినాడు. తాగకుండా వచ్చేసినాను.

జూన్ 12, గురువారం

కేసంటే పోలీసులు ఇంటికొస్తారా, మనల్నే రమ్మంటారా? గుర్తింపు ఐసీ కార్డు కనపడనేదు. పొద్దంతా ఎతికినాను... బియ్యం డబ్బాలో ఉంది. ఎప్పుడు పెట్టినానో, ఏల పెట్టినానో.

జూన్ 15, ఆదివారం

కూతురు ఫోన్ సేసింది. "ఊరుకోమ్మా లాహ్. ఫ్లాట్ వస్తే నాకూ నిమ్మళం. పాములు ఉండవు."

నర్సమ్మ మాటాడటం నేదే, అన్నాను.

"ఆంటీ కోపం పోతాది."

కోపమైతే పోయేదే.

జూన్ 17, మంగళవారం

ఖాళీ సెయ్యాల్సిన ఇళ్ళంటూ ఆఫీసోళ్ళు గుమ్మాల మీద ఎర్ర రంగుతో నంబర్లు ఏసి ఎల్లినారు. నర్సమ్మ గోనె ముక్కతో తుడిసేసింది. సాయంత్రం ఆళ్ళే మళ్ళీ ఏసినారు. మళ్ళీ తుడిసింది. తలుపంతా ఎర్రగా అయ్యింది.

సాయం ఎల్దామని లేసినాను. మళ్ళీ కూకున్నాను.

జూన్ 18, బుధవారం

జిల్లా ఆఫీసుకి ఎల్లినాను. ఎవురికీ సెప్పనేదు. బస్సులో కళ్ళు తిరిగినాయి.

మలాయి పిల్ల, తలకి గుడ్డ సుట్టుకుని, నవ్వు మొకం. ఆ పేర్ల కాయితమే తీసి సూపించింది. నా మలాయి బజారు మలాయి. "సయా తులిస్" అన్నాను. నానే రాసినాను, అన్నీ నానే. మూడుసార్లు అన్నాను, ఏడుపు వచ్చేసింది.

నీళ్ళు ఇచ్చింది. "మక్ చిక్, పెద్దమ్మా, మీరు రాసినారు, సరే. మరి ఆళ్ళు ఏమంటారు?" అని అడిగింది.

శుక్రవారం ఆళ్ళనే రమ్మంది. ఎవురి మాట ఆళ్ళే నోటితో సెప్పాలంట. రానోళ్ళది కాయితంలో ఉన్నట్టే లెక్కంట. కేసు సంగతి అడగబోయి అడగలేకపోయినాను.

జూన్ 19, గురువారం

గుమ్మం గుమ్మం తిరిగినాను. నానే అందరి పేర్లూ రాసినాను, ఏటి కావాలో మీరే సెప్పండి అని.

గుండమ్మ — "నాకు ఫ్లాటే కావాలే. ఆస్పత్రి పక్కనే అంట. నువ్వు రాసింది నాకు సరిపోయింది, సెరపకు."

సూరమ్మ ఏడిసింది. ఆళ్ళాయన్ని కాల్చిన సోటు ఈ సెరువు గట్టే. "ఈ గట్టు ఒదిలి ఏ మేడెక్కుతానే?"

ఆకరి ఇంటి పైడమ్మ — "పెద్దాయన్ని వచ్చి ఒక్క పూట ఈ రేకుల కింద ఉండమను. అప్పుడు సెప్తాను ఆడుండాలో పోవాలో." అందరూ నవ్వినారు. నాకూ నవ్వొచ్చింది, ఎన్నాళ్ళకో.

ఇన్నేళ్ళు ఈళ్ళ పేర్లు రాసినాను. ఏటి కావాలే అని ఒక్కర్తెనీ అడగనేదు.

నర్సమ్మ ఆవుని కడుగుతోంది. పాక బయటే నిలబడినాను.

"నర్సమ్మా, రేపు ఆఫీసులో..."

"లైనంతా తెలుసు."

"నానెల్లి సెప్పినాను, నీ పేరు నువ్వు రాయనేదని."

"మళ్ళీ నువ్వే సెప్పినావన్నమాట."

నీళ్ళు గుమ్మరించి లోపలికి ఎల్లిపోయింది. వస్తానననేదు. రాననీ అననేదు. రాకపోతే ఆ కాయితమే దాని మాట అయిపోద్ది.

జూన్ 20, శుక్రవారం, పొద్దున్న

ఆఫీసుకి ఎల్లడానికి వ్యాను వచ్చింది. గుండమ్మని ఇద్దరు పట్టి ఎక్కించినారు. సూరమ్మ ఎక్కింది. పైడమ్మ పూలు పెట్టుకొచ్చింది, పెళ్ళికి ఎల్తన్నట్టు. తవిటయ్య రోడ్డవతల మోటారుసైకిలు మీద కూకుని సూస్తన్నాడు.

నర్సమ్మ తలుపు మూసే ఉంది. లోపల బకెట్టు సప్పుడు.

నా పక్కన ఒక సీటు ఉంచమన్నాను. "ఎవురికి మామ్మా? పేరు సెప్పండి, రాసుకోవాల" అన్నాడు డ్రైవరు.

పేరు నోటిదాకా వచ్చింది. సెప్పనేదు.