తప్పుతుందని గుర్తు పెట్టినవాడికి మేడ మీది వాటా

కంపైలర్లను పరీక్షించే కొలువులో తల నెరిసి రిటైరైన నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టప్రకారం రాయిస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగానే ఉంది. అయోమయంలో ఉన్న మాట నిజమే కానీ అది వేరు, ఇది వేరు. ఈ సంగతి లాయరుకు చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఇంతకుముందు రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దయింది. అందులో నా తమ్ముడి ఊసే లేదు. ఇందులో ఉండాలా వద్దా అన్నదే నా తంటా అంతా.

1. ఇంటి కింది వాటా, పెరడు, సామానుతో సహా నా కూతురికి చెందాలి. అనుభవించడానికైనా అమ్ముకోవడానికైనా సర్వహక్కులూ దానివే. వంటింటి కిటికీ గొళ్లెం మామూలుగా పడదు, కాస్త పైకెత్తి నొక్కాలి. బాగుచేయిద్దామని అది మొత్తుకున్నా నేను వినలేదు, ఇకమీదట దాని ఇష్టం. నా నీలం శాలువా కూడా దానికే. చలికి వణుకుతున్నా నోరు తెరిచి అడగదు, ఆ మొండితనం నా దగ్గరినుంచే వచ్చింది.

2. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత అనుమానానిది. ఆఫీసులో నా తరవాత పరీక్షల గది చూసుకుంటున్న పిల్ల. దేన్ని చూసినా ఇది నిజంగానే పనిచేస్తోందా మేడమ్ అని అడగడంతో ఆ పేరే ఖాయమైపోయింది. నా చేతుల కుర్చీ తనకు ఇస్తున్నాను. దాంతోపాటు మైనస్ భాగహారం తప్పును కూడా తన నెత్తిన పెట్టి పోతున్నాను. కంపైలరంటే మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చి ఇచ్చేది. మాది మైనస్ అంకెను భాగిస్తే శేషం తప్పు చెబుతుంది. సరిచేద్దామంటే, ఒక లిఫ్టుల కంపెనీ ఆ తప్పు లెక్క మీదే తన ప్రోగ్రామంతా కట్టుకు కూర్చుంది. సరిచేస్తే లిఫ్టులు అంతస్తుల మధ్య ఆగుతాయి. నాకు చేతకాలేదు. తనకు చేతనైతే సంతోషం.

ఇలాంటి తెలిసిన తప్పులకు మా దగ్గర రెండు గుర్తులు ఉంటాయి. ఒకటి 'తప్పుతుంది'. ఆ పరీక్షను రోజూ నడపాల్సిందే. తప్పితే కంగారు పడక్కర్లేదు. ఎప్పుడైనా గట్టెక్కితే మాత్రం ఎర్రదీపం వెలుగుతుంది, అందరూ పరిగెత్తుకొస్తారు. రెండోది 'నడపొద్దు'. ఆ గుర్తు పడ్డదాని మొహం మళ్లీ ఎవరూ చూడరు.

3. తెర మీద ఎరుపు కనిపించకూడదని అన్నిటికీ 'నడపొద్దు' పెట్టేయమన్న మా పాత మేనేజరుకు నా కళ్లజోడు పెట్టె. కళ్లజోడు లేకుండా, ఉత్త పెట్టె.

4. ఇక మేడ మీది వాటా. నా పెళ్లికి వస్తానని నా తమ్ముడు మాట తప్పాడు. ఇంతవరకు కారణం చెప్పలేదు. ఆ రోజు నాన్న, వాణ్ణి ఇక లెక్కలో వేసుకోకండి అన్నాడు. నాన్న పోయాడు, ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

మొన్న చలికాలంలో నేను మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాను. కూతురు ఊళ్లో లేదు. ఆ పూట నన్ను చూడ్డానికి వచ్చిన అనుమానం చేతిలో నా ఫోను పడింది. ఆ పిల్లకు మా ఇంటి సంగతులేం తెలుసు, ఉన్న నంబర్లన్నిటికీ వరసగా చేసేసింది. అందరికంటే ముందు వచ్చింది తమ్ముడు. రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులు. నన్ను ఇంటికి పంపేదాకా ఆసుపత్రి వరండాలోనే పడుకున్నాడు.

నాకు సంతోషం కలగలేదు, భయమేసింది. తప్పాల్సిన పరీక్ష గట్టెక్కిందంటే తప్పు నిజంగా పోయి ఉండాలి, లేదా పరీక్షకే కళ్లు పోయి ఉండాలి, లేదా ఇంకో తప్పు వచ్చి దీన్ని కప్పేసి ఉండాలి. వీడి కన్ను ఇంటి మీద పడిందా అని చూశాను. ఇంటి మాటే ఎత్తలేదు. జబ్బేమైనా చేసిందా అని ఆరా తీశాను. దుక్కలా ఉన్నాడు. ఉండబట్టలేక ఎందుకొచ్చావురా అని వాణ్ణే అడిగాను.

"పిలిచారుగా అక్కా, వచ్చాను," అన్నాడు కమలాపండు ఒలుస్తూ.

అప్పటినుంచి నా బుర్ర పనిచేయడం లేదు. మా ఆయన పోయినప్పుడు వీడికి కబురు చేసిందెవరు? కూతురు చేసిందనుకున్నాను నేను, నేను చేశాననుకుంది అది. దాని పెళ్లప్పుడూ ఇదే తంతు. రాడులే అని ఎవరికి వాళ్లం ఊరుకున్నాం. మరి నాన్న వీడికి పెట్టింది మొదటి గుర్తా, రెండోదా? వీడు రాకపోతే మేం పిలవడం మానేశామా, మేం పిలవకపోతే వీడు రావడం మానేశాడా? అలాగని వీడు సుద్దపూసా అంటే, నా పెళ్లికి పిలిచాం, రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎటునుంచి చూసినా తేలడం లేదు.

ఏటేటా వచ్చి అక్కను చూసి వెళ్తేనే వాటా దక్కుతుందని లాయరు ఒక షరతు రాశాడు. కొట్టేయించాను. షరతు పెట్టాలంటే వాడేమిటో నాకు తెలిసి ఉండాలి కదా. మేడ మీది వాటా, పైకి వెళ్లే మెట్లతో సహా, ఏ షరతూ లేకుండా నా తమ్ముడికి చెందాలి.

5. ఇకమీదట ఈ ఇంట్లో మంచి జరిగినా చెడు జరిగినా అనుమానం వాడికి ఫోను చెయ్యాలి. రాకపోతే తిట్టకూడదు. మళ్లీసారీ చెయ్యాలి.

ఇవాళ పదింటికి రమ్మని వాడికి నేనే ఫోను చేశాను. తప్పకుండా వస్తానక్కా అన్నాడు. మధ్యాహ్నం దాటిపోయింది, రాలేదు. నాలుగో అంశం మార్చమంటారా అని లాయరు కలం పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. ఒక్క అక్షరం ముట్టుకోవద్దన్నాను. చదివించుకుని విని, సరిగా ఉందని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

తేదీ: జూన్ పదకొండు, మంగళవారం

(సంతకం)
వీలునామా రాయించిన మనిషి

ఆమె మా కళ్లెదుట సంతకం చేయగా, మేము ఆమె కళ్లెదుట చేసిన సాక్షి సంతకాలు:
1. పక్కింటి దర్జీ
2. వీధి చివరి మందుల షాపు యజమాని