యాదయ్య నౌకరీ, గుట్ట మీది గాలిమర

1996, ఆషాఢం, శుక్రవారం

మా యాదయ్యకు నౌకరీ వచ్చింది! గుట్ట మీద కొత్తగా నిలబెట్టిన కరెంటు గాలిమరకు కావలి. నెలనెలా జీతం! నా కొడుకు, నా బంగారం!

శుభం జరిగితే ముందు గబ్బిలాలు వేలాడే చింతచెట్టుకు బెల్లం పెట్టడం మా ఊరి ఆచారం. ఆ గబ్బిలాలు చనిపోయిన మా పెద్దలేనని నమ్మకం. బెల్లం ముద్ద తీసుకుని బయలుదేరితే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు పోకు బాపూ. ఊరు లేవకముందే గాలిమర రెక్కలు తాకి కింద సచ్చిపడ్డ గబ్బిలాలను ఏరి పూడ్చిపెట్టుడే నా పని."

"దినాం పడ్తయారా?"

"దినాం."

అయినా వెళ్లాను. చింతకొమ్మలు సగం ఖాళీగా ఉన్నాయి. బెల్లం చెట్టు మొదట్లో పెట్టి దండం పెట్టాను.

రేపు కబురు చెయ్యాల్సిన వాళ్లు: అక్క, తమ్ముళ్లిద్దరు, బావమరిది, ఆత్మకూరు వియ్యంకుడు. అందరికీ కావలి నౌకరీ అనే చెప్పాలి. ఏం కావలి అని అక్క అడగకుంటే చాలు.