కుళాయి తాళం

నిమ్‌పురా, ఖరగ్‌పూర్
ఆదివారం

నాన్న పాదాలకు దండం పెట్టి అప్పలస్వామి రాస్తున్నది. నేను, నూకాలు, పాప బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? చెల్లికి మళ్ళీ జ్వరం రాలేదు కదా? ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. వర్క్‌షాపులో ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. అన్నం మాత్రం వేళకు తింటున్నాను, బెంగ పెట్టుకోవద్దు.

చెల్లీ, ఇక్కడినుంచి అమ్మ లేనప్పుడు నాన్నకి చదివి వినిపించు.

రైల్వే యార్డు పక్కన తూర్పు పాకిస్తాను నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు గోనెపట్టాలతో గుడిసెలు వేసుకున్నారు. మా ఇళ్ళ లైనుకి ఉన్నది ఒకటే కుళాయి. వాళ్ళూ బిందెలతో రావడం మొదలుపెట్టాక పైడయ్య మేస్త్రీ దానికి గొలుసు చుట్టించి తాళం వేయించాడు. తాళంచెవి వారానికొక ఇంట్లో ఉండాలన్నాడు. మేం ఉంటున్నది ఆయన ఇంటి వెనక గదిలో. నా ఉద్యోగం పర్మినెంటు కావాలన్నా ఆయనే చెప్పాలి. కాదనగలనా?

పాపం, శరణార్థులు కదా మావా అన్నాను ఒకసారి.

"ఆళ్లు శరణార్థులేట్రా? తెల్లారితే పనికోసరం తిరుగుతన్నారు. మన్లాగే పొట్టకోసరం వొచ్చినోళ్లు. మనకే సాలని నీళ్లు ఆళ్లకెందుకు?" అన్నాడు.

ఈ వారం తాళంచెవి మా ఇంటికి వచ్చింది. మంగళవారం ఒకామె చంకలో పిల్లతో వచ్చి, దాదా, ఒక్క బిందె అని బెంగాలీలో అడిగింది. లైనంతా నన్నే చూస్తోంది. రేపు రమ్మన్నాను. అలా చెప్పి, సిగ్గులేకుండా లోపలికి వచ్చి అన్నం తిన్నాను. నూకాలు చెయ్యి కడుక్కోమని చెంబు అందించింది.

"దాహానికి రేపుంటాదేటి?" అంది అప్పుడు.

నాన్నా, నువ్వు బర్మాకి, రంగం పట్నానికి వెళ్ళింది కూలికి. యుద్ధంలో బర్మా వదిలి మమ్మల్ని నడిపించుకొచ్చేటప్పుడు నువ్వెవరివి? నేను నీ భుజాల మీద ఉన్నాను, నాకు గుర్తుంది. దారిలో ఒక ఊరివాళ్ళు నూతిమీద ముళ్ళకంప కప్పి, కర్రలు పట్టుకుని నిలబడ్డారు. తమ్ముడు ఆ సాయంత్రమే పోయాడు.

నేను పొట్టకోసం వచ్చాను, నిజమే. సెలవు దొరికితే రైలెక్కి మీ దగ్గర దిగుతాను. ఆమె ఎక్కడ దిగుతుంది? బతకడానికి పని వెతుక్కుంటే, తరిమేస్తే వచ్చిన మనిషి కాకుండా పోతుందా?

బుధవారం తాళం తీశాను. మళ్ళీ వెయ్యలేదు. అప్పటినుంచి మేస్త్రీ నాతో మాట్లాడటం లేదు. రేపు లైను పెద్దలు కూర్చుంటారట. గది ఖాళీ చెయ్యమంటారేమో. ఉద్యోగం మాట ఇక ఆయన్ని ఏ మొహంతో అడగను? బెంగ వద్దని పైన రాశాను గానీ, నాకే భయంగా ఉంది నాన్నా.

రైలు పాసు మీద ఊరొస్తున్న సూరన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. గుడ్డమూట కూడా ఇస్తాడు, తీసుకో. అందులో ఆ గొలుసు, తాళం, తాళంచెవి ఉన్నాయి. వీళ్ళు కొత్తది కొంటే కొనుక్కోనీ, ఇది మాత్రం నీ దగ్గరే ఉండాలి. అమ్మ అడిగితే మేకల దొడ్డికి పంపానని చెప్పు.

పెద్దలందరికీ నా దండాలు. రేపటికి నాకు నీ దీవెన కావాలి.

నీ భుజాల మీద వచ్చిన కొడుకు,
అప్పలస్వామి