కలకత్తా కవరు గురించి మారెమ్మ రాయించిన వీలునామా

1970వ సంవత్సరం సెప్టెంబరు నెల పదకొండో తేదీ శుక్రవారం నాడు, హైదరాబాదు జిల్లా, చేవెళ్ల తాలూకా, ముడిమ్యాల గ్రామ కాపురస్తురాలు, కీర్తిశేషులు సాముయేలు భార్య మారెమ్మ అనే నేను, నా తర్వాత నా వాళ్లు నడుచుకోవడానికి చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. వయసు అరవై ఎనిమిది అనుకుంటాను. చర్చి పుస్తకంలో నా బాప్తిస్మం ఉంది గాని పుట్టుక లేదు. కాళ్లు వాచాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. తల మాత్రం సరిగానే ఉంది; లేకపోతే నిద్రన్నా పట్టేది. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బుజ్జగించలేదు. రాస్తున్నది సంఘ పెద్ద ప్రేమదాసు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, రెండుసార్లు చదివించుకున్నాను. దీన్ని అమలు జరిపించే బాధ్యత కూడా ఆయనదే.

1. ఊరికి పడమర నా భర్త సంపాదించిన ఎకరం పది గుంటల భూమి, అందులోని బావి, కరెంటు మోటారు, మేముంటున్న ఇల్లు నా ఒక్కగానొక్క కొడుకు సాలోమోనుకు సర్వహక్కులతో చెందాలి. ఇందులో ఇంకెవరికీ వాటా లేదు. బావి మెట్లు పాకురు పట్టాయి, ఎవరినీ దిగనివ్వకూడదు. ఈ మాట వీలునామాలో ఎందుకమ్మా అన్నాడు ప్రేమదాసు. ఐదేళ్ల కింద నా భర్త, మోటారు నడుస్తుండగానే, నీళ్లెంత ఉన్నాయో చూడడానికి ఆ మెట్లు దిగాడు. కరెంటు కొట్టింది. తిరిగి ఎక్కలేదు. అందుకే రాయమన్నాను.

2. ఆ బావిలో నా కొడుకు తయారుచేసి పెట్టిన యంత్రాన్ని ఎవరూ ఊడదీయకూడదు. వాడు మొయినాబాదులో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం నడుపుతాడు. తండ్రి పోయినాక రెండేళ్లు కూర్చుని దీన్ని చేశాడు. మూతి అతికిన ఇత్తడి చెంబు ఒకటి నీళ్ల మీద తేలుతుంటుంది. నీళ్లు తగ్గితే చెంబు కిందికి దిగుతుంది, మోటారు దానంతటదే ఆగుతుంది, ఇంట్లో గంట మోగుతుంది. మనిషి బావిలోకి దిగే పని లేదు. దానికి నీటి కాపరి అని పేరు పెట్టాడు. మొదటిసారి గంట మోగినప్పుడు ఇల్లు కాలుతోందేమోనని నేను వీధిలోకి పరుగెత్తాను. వాడు కడుపుబ్బ నవ్వాడు. తండ్రి పోయినాక వాడు నవ్వడం అదే మొదలు.

3. కోడలు ధనమ్మకు నా వెండి కడియాలు, ఇనుప పెట్టె, గొడుగు. వానలో తడుస్తూ చర్చికి పోయేది గాని గొడుగు ఎన్నడూ అడగలేదు. పోగొడుతుందేమోనని నేనూ ఇవ్వలేదు. ఇకమీదట పోగొట్టినా సరే. మా ఆడబిడ్డ అంతమ్మ నా పెళ్లిలో పదిమందిలో, "గీమె నీడకే దడుసుకుంటది, కాపురమేం జేస్తది!" అని నవ్వింది. ఆ మాట యాభై ఏళ్లు మనసులో పెట్టుకున్నాను. ఆమెకు నా ఉన్ని శాలువా ఇవ్వాలి. ఆమె అన్నది నిజమే.

4. ఇది నా కొడుకు వినవలసిన సంగతి. నీటి కాపరి తనదేనని, ఇంకెవరూ చేసి అమ్ముకోరాదని హక్కు రాయించుకోవడానికి వాడు పట్నం వకీలు చేత బొమ్మలు గీయించి కలకత్తాలోని పేటెంటు ఆఫీసుకు పంపాడు. దుకాణం కిరాయిది కాబట్టి ఇంటి చిరునామా ఇచ్చాడు. పోయిన ఏడు ఎండాకాలం తెలంగాణ కోసం గొడవలు జరుగుతున్నాయి. బస్సులు బందు, బడులు బందు. సాలోమోను కూడా జెండా పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాడు. పక్కింటి భిక్షపతిని పోలీసులు తీసుకుపోయి ఇరవై రోజులు జైల్లో పెట్టారు. తర్వాతి వంతు నా కొడుకుదే అనుకున్నాను. అప్పుడు తపాలా జంగయ్య వచ్చాడు.

"అవ్వా, సాలోమోనుకు రిజిస్టరు కాయిదమొచ్చింది. సర్కారు ముద్రున్నది."

"పోలీసోళ్లదా?"

"మూసిన కవరు, లోపలేమున్నదో నాకేమెరుక?"

మా చిన్నతనంలో తహశీలు నుంచి సమన్లు వస్తే మగవాళ్లు ఊళ్లో లేరని ఆడవాళ్లమే చెప్పి పంపేవాళ్లం. కాగితం చేతికి తీసుకుంటేనే మనిషి దొరికినట్టు లెక్క. నాకు తెలిసింది అంతే.

"వాడీడ లేడు. యాడికి పోయిండో ఎరుక లేదని రాయి."

"ఇప్పుడే మొయినాబాదుల దుకాణం కాడ జూసొస్తి గదా అవ్వా!"

"నీ కాళ్లు మొక్కుత జంగయ్యా, వానికి చెప్పకు."

"సరె, మూడు దినాలు నా కాడ పెట్టుకుంట. జర ఫికర్ తగ్గినంక తీసుకుంటవో లేదో చెప్పు."

మూడు రోజులూ నా కొడుకు నా చేతి అన్నమే తిన్నాడు. నీకేదన్నా కాగితం రావాలా అని నేను అడగలేదు. నాలుగో రోజు జంగయ్యకు అదే మాట చెప్పాను. కవరు తిరిగిపోయింది.

ఈ ఏడు మొదట్లో వకీలు కనుక్కుంటే తెలిసింది. ఆ కవరు కలకత్తా ఆఫీసుదే, అందులో ఉన్నవి యంత్రం గురించి నాలుగు ప్రశ్నలే. జవాబు రాస్తే సరిపోయేది. మనిషి లేడని కవరు తిరిగొచ్చింది, గడువు దాటిపోయింది. నా కొడుకు మా వాకిట్లోనే జంగయ్యను నిలదీశాడు. "నేను ఇంట్ల ఉండంగనే లేనని రాస్తివి. ఎవడు పైసలు తినిపిచ్చిండు నీకు?" జంగయ్య ఒక్కసారి నావైపు చూశాడు. "తప్పయింది సాలోమోనూ" అన్నాడు. నేను చాటలో బియ్యం ఏరుతూనే ఉన్నాను.

అలాంటి యంత్రమే ఎవరో చేసి పట్నంలో అమ్ముతున్నారట. నా కొడుకు బొమ్మల కాగితాలు చుట్టి దూలం సందులో దోపాడు. మళ్లీ తీయలేదు. జంగయ్య మీద అర్జీ పెట్టాడు. ఆయన్ను శంకర్‌పల్లి అవతలికి మార్చారు. కవరు తిప్పి పంపింది జంగయ్య కాదు, నేను. బతికుండగా చెబుదామని ఎన్నోసార్లు వాడి మంచం దాకా పోయి, అన్నం తిన్నావా అని అడిగి వచ్చాను.

5. సాలోమోను ఆ అర్జీ వాపసు తీసుకోవాలి. సాక్షి సంతకం చేసేవారికి వీలునామాలో ఏమీ ఇవ్వకూడదట, కాబట్టి దీనికి సాక్షిగా ఉన్న జంగయ్యకు ఏమీ రాయడం లేదు. నా భర్త సైకిలు మొన్ననే ఇవ్వబోయాను. "నీ కొడుకు జూస్తే దొంగిలిచ్చిన అంటడు అవ్వా" అని నడిచే పోయాడు. నీటి కాపరికి మళ్లీ అర్జీ పెట్టే దారి ఉందేమో వకీలును అడగాలి. అందుకోసం భూమి అమ్మినా నాకు సమ్మతమే.

6. నా శవపెట్టె గుంటలో దించాక మొదటి పిడికెడు మన్ను కొడుకు వేయడం మా సంఘం ఆనవాయితీ. అంతకు ముందే, జంగయ్యను పిలిపించి, నాలుగో అంకె కింద రాసిందంతా ప్రేమదాసు అందరి ఎదుట గట్టిగా చదవాలి. వాన వస్తున్నా సగంలో ఆపకూడదు. విన్నాక నా కొడుకు వెళ్లిపోతే ఎవరూ చేయి పట్టుకుని ఆపవద్దు, తర్వాత దెప్పవద్దు. వాడి బదులు ధనమ్మ వేస్తుంది. సంగతి తెలియక వాడు వేసే మన్ను నాకు వద్దు.

పైన రాసినదంతా విని, ఒప్పుకుని వేసిన వేలిముద్ర.

మారెమ్మ (ఎడమచేతి బొటనవేలు)
ముడిమ్యాల, 11-9-1970

సాక్షులు:
1. జంగయ్య, తపాలా ఉద్యోగి. నాలుగో అంకె కింద ఉన్నది నేను ఎరిగినదే.
2. రాజమౌళి, బడిపంతులు, ముడిమ్యాల.

దస్తూరి: ప్రేమదాసు