హర్డిల్స్ అమ్మాయి కాలు

నేను కులాసాగానే ఉన్నాను, కంగారుపడకు. నా ఉద్యోగం పోయిందని మీ తమ్ముడు చెప్పిన మాట రెండు రోజులు నిజమే, ఇప్పుడు కాదు.

మా యూనివర్సిటీలో హర్డిల్స్ పరిగెత్తే అమ్మాయి ఉంది. దేశ జట్టుకు వెళ్తుందని అందరి ఆశా ఆమె మీదే. సోమవారం మాలిష్ చేస్తుంటే, మోకాలి కింద ఎముక మీద ఒకచోట నా బొటనవేలు తగలగానే ఊపిరి బిగబట్టింది.

"ఎన్నాళ్లుగా?" అన్నాను.

"నెల. కోచ్ గారికి చెప్పకు బాబాయ్, శనివారమే సెలక్షన్. నీ కాళ్లు పట్టుకుంటా."

రోజూ ఈ ఆటగాళ్ల కాళ్లు పట్టేది నేను! అయినా నవ్వు రాలేదు. వెళ్లి చెప్పేశాను. అమ్మాయేమో నొప్పే లేదని ఒట్టేసింది. కోచ్ గారు మండిపడి, "నువ్వేమైనా డాక్టరువా? రేపట్నుంచి రాకు" అన్నారు.

కానీ ఆయనకే మనసాగక బుధవారం స్కానింగ్ తీయించారు. ఎముక సన్నగా చిట్లింది. పరిగెత్తి ఉంటే విరిగేదట. ఆయనే నా గదికొచ్చి వెంటబెట్టుకెళ్లారు.

అమ్మాయి మాత్రం నా ముఖం చూడలేదు. శనివారం మిగతావాళ్లు పరిగెడుతుంటే కుంటుకుంటూ నా దగ్గరికొచ్చి, బల్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, బాగున్న కాలు చాపింది. "దీన్నీ చూడు బాబాయ్. నొప్పుంటే ఈసారి నేనే చెప్తా" అంది.

పెద్దాడికి బూట్లు కొన్నావా? నా గళ్ల దుప్పటి పంపు, ఇక్కడ చలి ఎక్కువైంది. నీ నడుంనొప్పి నిజంగా తగ్గితేనే తగ్గిందని రాయి. పిల్లలిద్దరికీ ముద్దులు, అత్తయ్యగారికి నమస్కారాలు.