బావగారి జీపులో గాలి

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. ఇక్కడంతా క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నువ్వు నమ్మాల్సిన పనిలేదు.

మీ అక్క మీ ఇంటికి వచ్చేసి నెల దాటింది. పెట్టె సర్దుకుంది, బస్సెక్కింది. ఎందుకు అలిగిందా అని బుర్ర బద్దలు కొట్టుకుని చివరికి కారణం కనిపెట్టాను. నా జీపు. దాని టాపు గట్టిదే కానీ విప్పి బిగించుకునే రకం కదా. ఎండాకాలం విప్పుతాను, వానలకి బిగిస్తాను. బిగించిన ప్రతిసారీ ఎక్కడో ఓ సందు మిగిలిపోతుంది. బండి కాస్త వేగం అందుకుందంటే లోపల ఈల, ఊళ, హోరు. పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకి చేరదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ హోరులో కూర్చున్న మనిషికి విసుగు రాదూ?

నేను భూములు కొలిచేవాణ్ణి. గట్టు అంగుళం జరిగితే పట్టేస్తాను. నా నెత్తిమీదున్న సందు మాత్రం నాకు దొరకడం లేదు. బళ్ళకి రబ్బర్లూ సీట్లూ వేసే షాపు పెట్టుకున్నవాడివి, నువ్వే ఉపాయం చెప్పాలి. హోరు ఆగితే మీ అక్క తిరిగొస్తుంది. ఇల్లు బావురుమంటోంది.

ఇట్లు,
మీ బావ

తా.క. ఈ ఉత్తరం మీ అక్కకి చూపించకు. ఒకవేళ తను అడిగితే చూపించు. అడక్కపోతే కనపడేచోట పెట్టు.

*

బావగారికి,

మీ బావమరిది నమస్కారాలు. సందులు మూసే కొత్త రబ్బరు పట్టీ, అదే బీడింగ్, పార్సిల్లో పంపాను. వెంటనే వేసెయ్యకండి. ముందు పాత రబ్బరు మీద సుద్దముక్క రుద్ది, టాపు బిగించి, మళ్ళీ విప్పి చూడండి. సుద్ద టాపు అంచుకి అంటని చోటే మీ సందు. ముందద్దం మీద టాపు కూర్చునే చోట నాకు అనుమానంగా ఉంది. బోల్టులు ఒక్కొక్కటే చివరిదాకా బిగించకండి. అన్నీ వదులుగా పెట్టి, ఎదురెదురువి కొంచెం కొంచెం బిగిస్తూ పోవాలి.

ఇక అక్క సంగతి. అలిగిందంటారేమిటి? తను జీపులో మిమ్మల్ని అడిగే వచ్చిందట కదా. తమ్ముడి షాపులో సీటు కవర్లు కుట్టుకుంటూ అక్కడే ఉండిపోతాను, వద్దంటే మానేస్తాను అందట. మీరు నవ్వుతూ తల ఊపారట. మళ్ళీ అడిగితే ఇంకా గట్టిగా ఊపారట. బావది ఎంత పెద్దమనసని ఇంట్లో అందరం మెచ్చుకున్నాం. వచ్చే నెల నుంచి షాపు పక్కగది అక్కకే. బోర్డు కూడా రాయించాం.

ఉంటాను,
మీ బావమరిది

తా.క. ఉత్తరం అక్కకి నేను చూపించలేదు. అక్కే ముందు చదివి నాకిచ్చింది.

*

బావమరిదికి,

ఆశీస్సులు తర్వాత. ముందు ఆ బోర్డు దింపు.

నేను దేనికీ ఒప్పుకోలేదు. జీపులో నేను అన్నిటికీ తల ఊపుతాను. పెళ్ళయిన కొత్తలో రెండుసార్లు "ఏమిటీ?" అని అరిచాను. మూడోసారి అడగడానికి మొహమాటమేసి ఊపాను. మీ అక్క తృప్తిగా నవ్వింది. పనైపోయింది కదా అని అప్పట్నుంచీ గంగిరెద్దులా ఊపుతూనే ఉన్నాను. అదే ఇంత పని చేస్తుందని ఎవడికి తెలుసు?

నువ్వు చెప్పినట్టే చేశాను. సుద్ద రబ్బరుకి తక్కువ, నాకు ఎక్కువ అంటింది. సందు ముందద్దం మీదే. కొత్త బీడింగ్ వేశాను. అంతటితో ఆగక తలుపులకీ వేశాను, టాపు లోపల పాత బొంత అతికించాను. హోరు చచ్చిపోయింది. ఇప్పుడు సీటు కింద మీ అక్క తలపిన్ను ఒకటి దొర్లుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. అది తీసి జేబులో పెట్టుకున్నాను.

నిజం చెప్పనా? ఆ నిశ్శబ్దంలో నాకు భయమేసింది. పక్కసీటు ఖాళీ. ఇన్నేళ్ళు అక్కడ కూర్చుని తను ఎన్ని చెప్పిందో, ఒక్కటీ నా దగ్గర లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదించాను. జీపు నిశ్శబ్దంగా ఉందని, వచ్చి కూర్చోమని, మళ్ళీ మొదట్నుంచీ చెప్పమని మీ అక్కతో అను.

మీ బావ

తా.క. బండి ఇప్పుడెంత బిగువంటే బయటి మాట లోపలికి రాదు. కూడలిలో పోలీసు ఆపి అద్దం అవతల ఏదో అడిగాడు. అలవాటు కొద్దీ తల ఊపాను. తాగావా అని అడిగాడట.

*

బావగారికి,

నమస్కారాలు. పోలీసు వదిలాడని ఆశిస్తాను.

మీ ఉత్తరం పైకి చదివాను. హోరు చచ్చిపోయింది అన్న దగ్గర అక్క కుట్టుమిషను ఆపేసింది. "ఆపమని ఎవరడిగారు?" అంది. సాయంత్రం మాతో కూర్చుని తినలేదు. నాకు తల తిరుగుతోంది బావగారూ. ఏ సందు నుంచి ఏ గాలి వస్తుందో చెప్పగలను. మీ ఇద్దరి మధ్య ఏది ఎక్కడ కారుతోందో నాకు అందడం లేదు. అక్క మీకు విడిగా రాస్తానంది.

మీ బావమరిది

తా.క. బోర్డు నేను దింపలేదు. అక్కే దింపి గోడవైపు తిప్పి పెట్టింది. ఎందుకని అడిగే ధైర్యం లేక మీలాగే తల ఊపాను.

*

ఏమండీ,

బాగున్నారని అనుకోను. బొంత అతికించారంటేనే తెలిసింది.

మీకు వినపడదని నాకు మొదటి నెలలోనే తెలుసు. అందుకే చెప్పేదాన్ని. ఇంట్లో నేనేం చెప్పినా మీరు కొలత తీస్తారు. దిగులుగా ఉందంటే కిటికీ మార్పిస్తారు, తోచడం లేదంటే గడియారం బాగుచేయిస్తారు. జీపులో అలా కాదు. హోరు మొదలవగానే మీమీద కోపం, మీ అమ్మగారి మీద కోపం, పుట్టకుండాపోయిన బిడ్డ గురించిన దిగులు, అన్నీ గాలికి చెప్పేసి తేలిగ్గా ఇంట్లో దిగేదాన్ని. మీరు తల ఊపుతుంటే ఓదార్పుగా కూడా ఉండేది.

తమ్ముడి దగ్గరికి వెళ్తానన్న ఆ రోజొక్కటే మీకు వినపడాలనుకున్నాను. గొంతు మాత్రం పెంచలేదు. అలవాటు తప్పిపోయింది. వెళ్ళనా అన్నాను, ఊపారు. మీకు వినపడదని తెలిసీ, వినే ఊపారేమోనని అలిగాను. ఇంత తెలివితక్కువ అలక ఎవరూ అలిగి ఉండరు. ఇన్నేళ్ళ మాటలు గాలికి పోసినందుకు నాకూ బాధగానే ఉంది. వాటిని మళ్ళీ మొదట్నుంచీ చెప్పలేను. సగం మరిచిపోయాను కూడా.

ఆదివారం రండి. బోల్టులన్నీ విప్పి, టాపు ఇంట్లోనే వదిలేసి రండి. ఈ నెల రోజులవీ దారిపొడుగునా ఆఖరిసారి గాలికి చెప్పేస్తాను. మీరు ఊపండి. ఇంటికి చేరాక టాపు బిగించండి. తర్వాత ఎక్కడికైనా తీసుకెళ్ళి మీరు చెప్పండి. మీరేం మాట్లాడతారో నాకూ తెలియదు కదా. నేను తల ఊపను. వింటాను.

మీ
పక్కసీటు

తా.క. బోర్డు వెంట తెస్తున్నాను. సీటు కవర్లు మనింట్లోనే కుడతాను. గుమ్మం మీద ఎంత చోటుందో ఇప్పుడు కొలవండి. తలపిన్ను పారెయ్యకండి.